అంకెను నమ్ముదాం
(అధిక రక్తపోటు గురించి బీచుపల్లిలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఇక్కడున్న అందరికీ తెలుసు. మీరంతా పిలిచినట్టే నేనూ ఆయన్ని సారు అనే అంటాను. ఆయన లెక్కల సారు. ఇటు గద్వాలలో, అటు పెబ్బేరు, కొత్తకోటల్లో ఆయన చేతి కింద ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. ఆయనకు బీపీ ఉందని పదేళ్ళ ముందే తెలుసు. గోలీలు రాసిచ్చారు, కొన్నాళ్ళు వేసుకున్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఒంట్లో హాయిగానే ఉందని ఆ తర్వాత మానేశారు. ఒకరోజు తెల్లవారుజామున కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. కొన్నాళ్ళకు సారు కూడా మనకు లేకుండా పోయారు. ఈ సంగతి దాచకుండా సభలో చెప్పండని కుటుంబ సభ్యులే నన్ను అడిగారు. అందుకు వారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. మన ఇళ్ళల్లో పక్షవాతం వచ్చిందని చెప్పుకుంటాం గాని, దానికి ముందు గోలీలు మానేసిన సంగతి చెప్పుకోం.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. బీపీ ఎంత ఉందో మన ఒళ్ళు మనకు చెప్పదు. కొలిచిన అంకె ఒక్కటే చెబుతుంది. ఆ అంకెను నమ్మి నడుచుకోవడం ఒక మనిషి ఒంటరిగా చేయగల పని కాదు, ఇల్లూ ఊరూ కలిసి చేయాల్సిన పని.

రక్తపోటు అంటే ఏమిటి

మనిషి గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా రక్తాన్ని ధమనుల్లోకి నెడుతుంది. ఆ రక్తం నాళాల గోడల మీద మోపే ఒత్తిడే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పుడు ఆ ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, అది పై అంకె. గుండె సడలినప్పుడు తగ్గుతుంది, అది కింది అంకె. 120/80 అని కాగితం మీద రాసేది ఈ రెండింటినే.

బోరు మోటారు పెట్టుకున్న రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైపు సన్నబడితే మోటారు ఎక్కువ కష్టపడుతుంది. ఎక్కువ ఒత్తిడితో నీళ్ళు పారుతున్నా, పైపు పైకి బాగానే కనిపిస్తుంది. ఏళ్ళు గడిచాక ఏదో ఒక జాయింటు దగ్గర పగులుతుంది, లేదా మోటారే కాలిపోతుంది. ఒంట్లోనూ జరిగేది ఇదే. మెదడులో నాళం చిట్లినా, మూసుకుపోయినా పక్షవాతం. గుండె కండరం దళసరెక్కి, చివరికి అలసిపోతే ఆయాసం, కాళ్ళ వాపు. మూత్రపిండాల్లోని సన్న నాళాలు దెబ్బతింటే డయాలసిస్. కంటి వెనుక నాళాలు దెబ్బతింటే చూపు మందగించడం. ఇన్ని అవయవాలు దెబ్బతింటున్నా, అన్నేళ్ళూ మనిషికి ఏ నొప్పీ తెలియకపోవచ్చు.

పోటు ఎందుకు పెరుగుతుందని అందరూ అడుగుతారు. వందలో తొంభై మందికి పైగా ఫలానా అని ఒక్క కారణం దొరకదు. సన్న రక్తనాళాలు బిగుసుకోవడం, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెట్టుకోవడం, వయసు, వంశం, ఉప్పు, బరువు, మద్యం, నిద్రలేమి అన్నీ కలిసి పనిచేస్తాయి. ముప్పై ఏళ్ళలోపే బీపీ బాగా పెరిగిన వారికి, మూడు రకాల మందులు వాడినా దిగిరాని వారికి మాత్రం మూత్రపిండాల్లోనో గ్రంథుల్లోనో కారణం ఉందేమోనని వెతకాలి.

ఎంత ఉంటే ఎక్కువ? వేర్వేరు రోజుల్లో సరిగ్గా కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, దానికి పైన గాని ఉంటే అధిక రక్తపోటు అంటాం. అమెరికా వైద్య సంఘాలు 2017లో ఆ హద్దును 130/80కి దించాయి. మన సర్కారు కార్యక్రమంలో మాత్రం 140/90నే హద్దుగా పెట్టుకున్నారు. హద్దు ఎక్కడ గీసినా ప్రమాదం దానికి ముందే మొదలవుతుంది. లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించిన 61 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2002లో ఒక సంగతి తేల్చారు. నలభై నుంచి డెబ్భై ఏళ్ళ మధ్య వయసువారిలో 115/75 దాటిన తర్వాత పై అంకె 20, కింది అంకె 10 పెరిగినప్పుడల్లా పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో చనిపోయే ప్రమాదం రెట్టింపు అవుతుంది.

ఇది పట్నపు జబ్బు అనే మాట

బీపీ, షుగరు కూర్చుని తినేవాళ్ళకొచ్చే జబ్బులని, రెక్కలాడించేవాళ్ళకు రావని మన పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో గోదావరి జిల్లాల నుంచి ఒక లెక్క చెబుతాను. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే కార్యక్రమంలో 2003–04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, దాదాపు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాదిలో సంభవించిన 1,354 మరణాలను నమోదు చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, ఆ మనిషి ఎలా పోయారో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. అందులో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వల్ల పోయినవారు 12 శాతం. పల్లెల్లో జనం అతిసారంతోనో జ్వరంతోనో పోతారని లెక్కలేసుకుని దవాఖానాలు కట్టుకున్నాం. అప్పటికే మన పల్లెల్లో చావు ముఖం మారిపోయింది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన ఆడవారిలో 26 శాతానికి, మగవారిలో 31 శాతానికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. దేశ సగటు ఆడవారిలో 21, మగవారిలో 24. అంటే మనం దేశం కన్నా ముందున్నాం, ముందుండకూడని చోట. దేశంలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసువారిలో దాదాపు 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్కగట్టింది. వారిలో అది అదుపులో ఉన్నది 15 శాతం మందికే.

మన పాలమూరు మనిషి సంగతి ఇంకో మెట్టు కష్టం. ఆనకట్టల దగ్గరి నుంచి అపార్ట్‌మెంట్ల దాకా దేశమంతా మట్టి మోసిన చేతులు మనవి. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదో, ముంబయో, పుణెనో వెళ్ళినవాడు అక్కడ రేకుల షెడ్డులో ఉంటాడు. తెల్లారకముందే వండుకుని, చీకటి పడ్డాక తిరిగొస్తాడు. వాడి గోలీల కార్డు ఇక్కడి దవాఖానలో ఉంటుంది. నెల మందు అయిపోతే మళ్ళీ తెచ్చుకునే తీరిక ఉండదు. చేసే పని గట్టిదే. పని చేసినంత మాత్రాన బీపీ రాకుండా పోదు, వచ్చింది చాలామందికి మందు లేకుండా దిగదు.

గోలీ రాకముందు, వచ్చాక

బీపీకి మందు లేని కాలం ఎలా ఉండేదో తెలిస్తే, చేతిలో ఉన్న గోలీ విలువ తెలుస్తుంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను 1944 మార్చిలో ఒక గుండె వైద్యుడు పరీక్షించినప్పుడు పోటు 186/108 ఉంది. అప్పటికే గుండె అలసిపోయింది. ప్రపంచంలోకెల్లా బలమైన దేశపు అధినేతకు ఆనాటి వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, ఉప్పు తగ్గించడం, డిజిటాలిస్ లాంటివే. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై, 63వ ఏట ఆయన చనిపోయారు. ఆ రోజు పై అంకె 300 చేరింది. ఆయనకు దొరకని వైద్యం ఇవాళ మన ఊరి పల్లె దవాఖానలో ఉచితంగా దొరుకుతోంది.

ఆ మార్పులో మన దేశానికీ వాటా ఉంది. సర్పగంధి వేరును మన వైద్యులు తరతరాలుగా పాముకాటుకూ మతిభ్రమకూ వాడేవారు. బొంబాయి కింగ్ ఎడ్వర్డ్ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాన్ని 50 మంది బీపీ రోగులకు ఇచ్చి, పోటు తగ్గడాన్ని కొలిచి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. ప్రపంచం అప్పుడు ఆ వేరు వైపు తిరిగింది. స్విట్జర్లాండులో 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు.

మందుతో అంకె తగ్గుతుంది సరే, మనిషి బతుకుతాడా అన్న ప్రశ్నకు జవాబు 1967లో వచ్చింది. అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వంలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 143 మంది మగవాళ్ళను తీసుకున్నారు. వారి కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉండేది. సగం మందికి మందులిచ్చారు, మిగతా సగానికి మందులాగే కనిపించే ఉత్తుత్తి గోలీలిచ్చారు. రెండేళ్ళలోపే ఉత్తుత్తి గోలీల వాళ్ళలో 27 మందికి ప్రాణం మీదికొచ్చింది. మందు వేసుకున్నవాళ్ళలో ఇద్దరికే. ఆ మందుల్లో ఒకటి మన సర్పగంధి నుంచి వచ్చిన రిసర్పిన్. మనసు కుంగదీసే గుణం దానికుంది కాబట్టి ఇప్పుడు దాదాపుగా వాడటం లేదు, అంతకన్నా మంచివి వచ్చాయి. అందుకని ఎవరూ అడవికి పోయి వేరు తవ్వి నూరుకోవద్దు. వేరును కొలిచి, పరీక్షించి, మోతాదు కట్టాకే అది మందైంది.

కొలవడం ఒక విద్య

చేతికి గుడ్డపట్టా చుట్టి పాదరసంతో పోటును కొలిచే సాధనాన్ని ఇటలీలో రివా రోచి 1896లో తయారుచేశారు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు విని రెండు అంకెలూ చెప్పే పద్ధతిని రష్యాలో కొరొట్కాఫ్ 1905లో కనిపెట్టారు. ఇవాళ బటన్ నొక్కితే యంత్రమే చెబుతుంది. అయినా మనం తప్పుగా కొలుస్తూనే ఉన్నాం.

గద్వాల వైపు ఒక శిబిరంలో, విత్తన పత్తి చేలో క్రాసింగ్ పని నుంచి నేరుగా వచ్చిన ఒక అక్కను చూశాను. వేళ్ళకు ఇంకా పుప్పొడి అంటుకుని ఉంది. బల్ల దగ్గర నిలబెట్టే, జాకెట్టు చేయి మీదే పట్టా చుట్టారు. చేయి కిందికి వేలాడుతోంది, ఆమె పక్కనామెతో కూలి డబ్బుల గురించి మాట్లాడుతూనే ఉంది. 172/98 అని రాశారు. ఆమె ముఖం వాడిపోయింది. కుర్చీ తెప్పించి, వీపు ఆనించి కూర్చోమన్నాను. కాళ్ళు నేల మీద ఆనించమన్నాను, కాలు మీద కాలు వేయొద్దన్నాను. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించాను. ఐదు నిమిషాలు మాట లేకుండా కూర్చుంది. బట్ట అడ్డం లేకుండా పట్టా కట్టి కొలిస్తే 148/90. నిమిషం ఆగి మళ్ళీ కొలిస్తే 144/88. ఆమెకు బీపీ లేదని కాదు, ఉండొచ్చు. మొదటి అంకెను నమ్మి ఆ రోజే మందు మొదలుపెట్టినా తప్పే, ఎండన పడి వచ్చింది కాబట్టి పెరిగిందిలే అని పంపేసినా తప్పే. ఇంకో రోజు రమ్మని రాసిచ్చాం.

మీ ఇంట్లో యంత్రం ఉంటే ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి. మణికట్టుకు కట్టేదాని కన్నా దండకు కట్టేది మేలు. దండ లావుగా ఉంటే పెద్ద పట్టా వాడాలి, చిన్నదైతే అసలు కన్నా ఎక్కువ అంకె చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట చాయ్, బీడీ, గుట్కా ముట్టకూడదు, మూత్రం ఆపుకొని కూర్చోకూడదు. పొద్దున గోలీ వేసుకునే ముందు ఒకసారి, రాత్రి ఒకసారి, రెండేసి చొప్పున వారం రోజులు రాసుకుంటే దవాఖానలో ఒక్కసారి కొలిచిన దానికన్నా అది నమ్మదగిన లెక్క. ఇంట్లో కొలిచినప్పుడు హద్దు 135/85.

గోలీ గురించి భయాలు

ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట కదా అని వెనకాడేవాళ్ళున్నారు. చాలామందికి అది నిజమే. బీపీ తగ్గిపోయే జ్వరం కాదు, గోలీ వేసుకున్నన్నాళ్ళూ అదుపులో ఉండేది. అంకె 130కి దిగిందంటే జబ్బు పోయిందని అర్థం కాదు, మందు పనిచేస్తోందని అర్థం. సరిగ్గా ఆ రోజే మన వాళ్ళు మందు మానేస్తారు. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గించి, తాగుడు మానిన కొందరికి మోతాదు తగ్గించొచ్చు. ఆ నిర్ణయం అంకె చూసి డాక్టరు తీసుకోవాలి.

గోలీలతో కిడ్నీలు పోతాయన్నది రెండో భయం. కిడ్నీలను పాడుచేసేది అదుపులేని బీపీ. దానికి తోడు మన దగ్గర నడుం నొప్పికీ మోకాళ్ళ నొప్పికీ వారం వారం వేయించుకునే డైక్లోఫెనాక్ సూదులు. అవి కిడ్నీనీ దెబ్బతీస్తాయి, పోటునూ పెంచుతాయి. బీపీ గోలీని అనుమానించి, నొప్పి సూదిని నమ్మడం మన ప్రాంతంలో చాలా కుటుంబాలను ముంచింది.

మందులకు చిన్న చిన్న ఇబ్బందులు ఉంటాయి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపొస్తుంది. ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు రావొచ్చు. నీరు పోయే గోలీతో మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. ఏది వచ్చినా డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వేరే రకాలున్నాయి. చెప్పకుండా మానేయడమే ప్రమాదం. పై అంకె 10 తగ్గినా పక్షవాతం పావు వంతుకు పైగా తగ్గుతుందని, లక్షల మంది మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2016లో తేల్చారు.

ఈ వైద్యం పల్లెల్లో సాధ్యమేనని చూపించిన కార్యక్రమం కూడా ఉంది. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌ను 2017 నవంబరులో మొదలుపెట్టారు. మొదటి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పెద్ద ఆర్భాటం ఏమీ లేదు. అందరికీ ఒకే వరస మందులు, ఇంటికి దగ్గరి దవాఖానలోనే మందు, నర్సు కూడా కొలిచి కార్డులో రాసే వీలు, రాకపోతే ఫోన్ చేసి పిలవడం. అలా నమోదై చికిత్సలో ఉన్నవారిలో దాదాపు సగం మందికి పోటు అదుపులోకి వచ్చింది. దేశమంతా కలిపితే 15 శాతం దగ్గరున్న చోట ఇది చిన్న మెట్టు కాదు. మిగతా సగం మంది దగ్గరికి ఎలా చేరాలన్నదే ఇప్పుడు మన ముందున్న పని.

వలసపోయేవారి విషయంలో నా మనవి ఇది. బయల్దేరే ముందు మూడు నెలల మందు ఇవ్వమని దవాఖానలో అడగండి. డాక్టర్లు, ఫార్మసిస్టులు దాన్ని హక్కుగా చూడాలి. గోలీ రంగు, డబ్బా బొమ్మ గుర్తుపెట్టుకోవడం చాలదు, మందు పేరు నేర్చుకోండి. ఆమ్లోడిపిన్ 5 అనే పేరు బీచుపల్లిలోనైనా పుణెలోనైనా ఒక్కటే. కార్డును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే ఏ సర్కారు దవాఖానకు వెళ్ళినా పనికొస్తుంది. నలభై మంది గుంపును తీసుకెళ్ళే మేస్త్రీ వెంట బీపీ యంత్రం ఒకటి ఉంటే, దాని ఖర్చు గుంపు ఒక పూట కూలిలో కొంత మాత్రమే.

ఉప్పు లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒకే మాట చెబుతున్నాయి. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలు, అంటే ఒక చిన్న చెంచా. మనం తింటున్నది 8 నుంచి 11 గ్రాములు. గ్రాములతో వంటింట్లో పని జరగదు కాబట్టి, సారు పద్ధతిలో లెక్క వేద్దాం. నలుగురున్న ఇల్లు. ఒక్కొక్కరికి 5 గ్రాములు, రోజుకు 20 గ్రాములు. కిలో ప్యాకెట్ ఎన్ని రోజులు రావాలి? యాభై రోజులు. మీ ఇంట్లో ఎన్ని రోజులొస్తోంది? రేపు కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు దాని మీద పెన్నుతో తారీఖు వేయండి. అయిపోయిన రోజు చూడండి. ముప్పై రోజులకే అయిపోతే ఒక్కొక్కరు 8 గ్రాములు దాటారు. అందులో ఎండాకాలంలో విడిగా పోసిన తొక్కుల ఉప్పు, అప్పడాలు, ఎండు చేపలు, సంతలో కొన్న మిక్చరు, పిల్లల చిప్స్ ప్యాకెట్లు లెక్కలోకి రానేలేదు.

ఒక్కరోజులో సగానికి తగ్గించమని నేను చెప్పను, ఇంట్లో ఎవరూ తినరు. కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. అన్నం ఉడికేటప్పుడు ఉప్పు వేయడం ముందు మానండి. జొన్న రొట్టె పిండిలో ఉప్పు లేకున్నా రొట్టె బాగానే వస్తుంది. పచ్చిపులుసులో చింతపండు, ఉల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీర ఉన్నాయి, ఉప్పు సగం తగ్గినా రుచి తగ్గదు. తొక్కు పళ్ళెంలో ఓ పక్కన వేలి కొసంత ఉండాలి, కూరకు బదులు కాకూడదు. సైంధవ లవణమైనా, గులాబీ ఉప్పైనా, రాళ్ళ ఉప్పైనా బీపీకి అన్నీ ఒకటే, అన్నింట్లో ఉన్నది సోడియమే.

ఎండలో పనిచేసేవాళ్ళం, చెమటలో ఉప్పు పోతుంది కదా అని అడుగుతారు. రోజూ ఎండలో పనిచేసే ఒంటికి ఉప్పును పొదుపు చేసుకోవడం అలవాటవుతుంది. మనం తినే తిండిలో ఉన్నది చాలు, కావలసింది నీళ్ళు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఓఆర్ఎస్ తప్పక తాగాలి, అది వేరే సంగతి.

ఉప్పు తగ్గించడం కుదరని ఇళ్ళకు ఇంకో దారి కూడా కనిపిస్తోంది. సోడియం కొంత తీసి పొటాషియం కలిపిన ఉప్పు. తెలంగాణలోని ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వారిలో కొందరికి మామూలు ఉప్పు, కొందరికి మూడొంతులకు దగ్గరగా సోడియం, మిగతాది పొటాషియం ఉన్న ఉప్పు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో వారికి తెలియదు. మూడు నెలల్లో రెండో గుంపు పై అంకె మొదటి గుంపు కన్నా 4.6 తక్కువగా ఉంది. అదే ఏడాది చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో ఐదేళ్ళు సాగిన పరీక్షలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పును సిఫారసు చేసింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదం. గర్భిణులకు, పిల్లలకు ఆ సిఫారసు వర్తించదు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి గోలీలు వేసుకునేవారు డాక్టరును అడిగాకే వాడాలి.

మరికొన్ని ముఖ్యమైన మాటలు

గర్భిణిని ప్రతి నెలా కొలవాలి. ఐదో నెల దాటాక 140/90 వచ్చినా, తలనొప్పి, కళ్ళు మసకలు, పై కడుపు నొప్పి, మొహం వాపు ఉన్నా అదే రోజు దవాఖానకు పోవాలి. పోటు ముదిరి, ఫిట్స్‌తో కూడిన గుర్రపువాతం వచ్చి తల్లీ బిడ్డా పోయిన ఇళ్ళు మనకు తెలుసు. టెల్మిసార్టాన్ లాంటి గోలీలు గర్భం వచ్చిన వెంటనే మార్చాలి.

షుగరు కూడా ఉన్నవారికి ప్రమాదం రెండింతలు కాబట్టి పోటు 130/80 దగ్గర ఉండాలి. సారా, కల్లు, బీరు ఏదైనా పోటును పెంచుతాయి. బీడీ, గుట్కా నాళాలను నేరుగా దెబ్బతీస్తాయి.

ఎంత జాగ్రత్తపడ్డా పక్షవాతం రావొచ్చు. మూతి ఒకవైపు వంకర పోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట ముద్దముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో రాసుకోండి. నోట్లో నీళ్ళు గాని, గోలీ గాని వేయకండి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే, అదీ సీటీ స్కాన్ తీశాకే ఇస్తారు. రహదారి మన గుమ్మం ముందే ఉంది. కర్నూలైనా మహబూబ్‌నగరైనా ఆ సమయంలోనే చేరవచ్చు. పసరు మందు కోసం ఇంకో ఊరికి తీసుకెళ్ళడంలో ఆ నాలుగున్నర గంటలూ పోతున్నాయి. పోయిన చేయి తిరిగి రావడానికి ఉన్న మంచి అవకాశమూ దాంతోనే పోతోంది.

ఊరు చేయగల పని

మన పల్లెలు ఏడాదిలో మూడు నాలుగు రోజులు నిండుగా ఉంటాయి. ఉగాదికి, పీర్ల పండుగకు, దసరాకు ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళంతా ఇంటికొస్తారు. ఆ రోజుల్లో ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి పోటూ కొలుద్దాం. ఆశా, ఏఎన్ఎం అక్కలకు ఇప్పటికే చేతినిండా పని ఉంది. ముందు వరసలో కూర్చున్న ఈ పిల్లలకు నేను ఇందాక చెప్పిన పద్ధతి నేర్పితే, ఒక్క సాయంత్రంలో నేర్చుకుంటారు. మందు రాయడం డాక్టరు పని. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, సరిగ్గా కొలిచి, పుస్తకంలో రాయడం తొమ్మిదో తరగతి పిల్లవాడు చేయగలడు. అమ్మా నాన్నల పేర్ల దగ్గర మొదలుపెడితే ఆ పిల్లవాడికి శ్రద్ధ నేర్పాల్సిన పని కూడా ఉండదు.

ఈ స్మారక నిధి పెద్దలను ఒక్కటి అడుగుతున్నాను. ఏటా ఒక ఉపన్యాసంతో సరిపెట్టకండి. నిధి నుంచి వచ్చే వడ్డీతో చుట్టుపక్కల ఒక్కో ఊరికి ఒక మంచి యంత్రం, ఒక పెద్ద పట్టా, ఒక రిజిస్టరు ఇవ్వండి. ఆ రిజిస్టరు చివరి పేజీలో నాలుగు అంకెలు ఉండాలి: ముప్పై దాటినవారిలో ఎందరిని కొలిచాం, ఎందరికి ఎక్కువ ఉంది, వారిలో ఎందరు మందు వేసుకుంటున్నారు, ఎందరికి 140/90 కిందికి దిగింది. మొదటి ఏడు ఆ నాలుగో అంకె చిన్నదిగానే ఉంటుంది. అది చూసి ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. రెండో ఏడు పెరిగిందా లేదా అన్నదే ప్రశ్న.

వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేది ఎవరైనా సరే, ప్రతి ఊరి నుంచి ఒక విద్యార్థి వచ్చి ఆ నాలుగు అంకెలు చదివాకే ఉపన్యాసం మొదలుపెట్టించండి.  బయట బల్ల వేసి యంత్రాలు పెట్టాం. పోయేముందు ఐదు నిమిషాలు కూర్చుని, కొలిపించుకుని, మీ అంకె తెలుసుకుని వెళ్ళండి.